శేషాచలం నమూనా తయారీ డైరీ: సముద్రపు ఇసుక నుంచి బంగారు బల్లి దాకా

తిరుపతిలో నిలబడి కొండ వైపు చూస్తే అది రెండు ముక్కలుగా కనిపిస్తుంది. కింది సగం వాలుగా, గుండ్లతో, పొదలతో ఉంటుంది. పై సగం గోడ కట్టినట్టు నిలువుగా, అడ్డగీతలతో, ఎర్రగా ఉంటుంది. కిందిది గ్రానైట్, పైది క్వార్ట్‌జైట్. ఒకప్పుడు నిస్సారమైన సముద్రం అడుగున, తీరం దగ్గర పరుచుకున్న ఇసుకే ఆ పై గోడ. ఒక జూనియర్ కాలేజీ ల్యాబు కోసం చేస్తున్న ఈ నమూనాలో మా శ్రమలో సగానికి పైగా ఆ గోడ దగ్గరే పోయింది. అది సరిగ్గా నిలబడితేనే నీళ్ళు ఎక్కడ ఊరతాయో, ఎర్రచందనం ఎక్కడ పెరుగుతుందో, బంగారు బల్లి ఎక్కడ గుడ్లు పెడుతుందో చూపించగలం.

కొలతలు ఇవి. బల్ల 120 సెం.మీ. × 80 సెం.మీ., స్కేలు 1:50,000. అంటే నేల మీద 60 కి.మీ. × 40 కి.మీ. దక్షిణపు అంచున తిరుపతి, ఉత్తరపు అంచున రైల్వే కోడూరు, పడమటి వైపు తలకోన దాటి కొంత మేర. 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు మొత్తం ఈ బల్ల మీద పట్టదు. దాని విస్తీర్ణం సుమారు 4,756 చదరపు కి.మీ., బల్ల మీద పట్టేది 2,400. శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం 353 చదరపు కి.మీ. ఈ స్కేలులో అది 1,412 చదరపు సెం.మీ., అంటే బల్లలో ఏడో వంతు.

1వ వారం: ఎత్తుల లెక్క

30 మీటర్ల ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది. దాన్ని పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరిచి 50 మీటర్లకొక కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) గీయించాం. ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది. డేటా అక్షాంశ రేఖాంశాల్లో వస్తుంది, దాన్ని అలాగే ముద్రించేస్తారు. తిరుపతి అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 108 కి.మీ. పైచిలుకు, ఒక డిగ్రీ అక్షాంశం 110.6 కి.మీ. రెండూ సమానమనుకుంటే 120 సెం.మీ. బల్ల మీద తూర్పు పడమరలు సుమారు 2.7 సెం.మీ. సాగిపోతాయి. ముందు దూరాలను మీటర్లలో చూపే యూటీఎం 44 ఎన్ జోన్‌లోకి మార్చి, ఆ తర్వాతే కాంటూర్లు గీయాలి.

ముద్రణకు ఏ3 కాగితాలు 9 పట్టాయి, ఒక సెంటీమీటరు అతుకు వదిలి. ప్రింటరులో "పేజీకి సరిపెట్టు" అన్న ఎంపిక తీసేయకపోతే బొమ్మ మూడు నాలుగు శాతం కుంచించుకుపోతుంది. అందుకే ప్రతి కాగితం మీదా 10 సెం.మీ. గీత ఒకటి వేయించి, స్కేలుతో కొలిచాకే అంటించాం. రెండు కాగితాలు తేడా వచ్చాయి, మళ్ళీ తీయించాం.

2, 3 వారాలు: పొరలు కోయడం, గోడ దగ్గర ఓటమి

మొదట 5 మి.మీ. థర్మోకోల్ అనుకున్నాం. 50 మీటర్లకు 5 మి.మీ. అంటే నిలువు స్కేలు 1:10,000, ఎత్తు ఐదు రెట్లు పెరుగుతుంది. శేషాచలం కాస్తా హిమాలయంలా తయారైంది. 10 డిగ్రీల వాలు 41 డిగ్రీలై నిలబడింది. చూసేవాళ్ళకు తప్పుడు కొండ చూపించినట్టవుతుంది. నురగలాంటి ప్లాస్టిక్ పలక అయిన 3 మి.మీ. సన్‌బోర్డుకు మారాం. ఇప్పుడు ఎత్తు మూడు రెట్లే. కంటికి కొండ కొండలాగే ఉంది.

100 మీటర్ల ఎత్తును పునాదిగా పెట్టుకుని 1,100 మీటర్ల దాకా 20 పొరలు. ఒక్కో పొరకు ఒక్కో పూర్తి పలక వాడితే సరుకు దండగ. ఒక పొర మధ్య నుంచి కోసి తీసిన ముక్కే ఇంకా పై పొరగా పనికొస్తుంది. రెండు పలకలతో బేసి, సరి పొరలు ఒకదానిలోంచి ఒకటి కోసుకుంటూ పోతే సిద్ధాంతం ప్రకారం 20 పొరలూ వచ్చేస్తాయి. అలాగే మొదలుపెట్టాం. కోడూరు వైపు వాలుల్లో బాగానే కుదిరింది. తిరుమల దక్షిణపు గోడ దగ్గరికి వచ్చేసరికి మొత్తం కూలింది.

కారణం ఇది. ఈ పద్ధతిలో పై పొర కింది పొర మీద ఆనుకునేది ఒక్క కాంటూరు దూరం మాత్రమే. వాలులో ఆ దూరం 4, 5 మి.మీ. ఉంటుంది. క్వార్ట్‌జైట్ గోడ దగ్గర 50 మీటర్లు ఎక్కడానికి నేల మీద జరిగే దూరం ఎన్నోచోట్ల 50 మీటర్లు కూడా ఉండదు. 1:50,000లో అది 1 మి.మీ. కన్నా తక్కువ. పొర ఆనడానికి చోటే లేదు. కొండలో గోడ ఎక్కడుందో చూపించే పటం వేరే అక్కర్లేదు, నమూనా విరిగినచోటే గోడ.

దారి ఏమిటంటే, రెండు పలకలకు బదులు ఐదు పలకలతో వంతులు వేసుకోవడం. 1, 6, 11, 16 పొరలు ఒక పలకలోంచి, 2, 7, 12, 17 ఇంకో పలకలోంచి, ఇలా. అప్పుడు ప్రతి పొరకూ నాలుగు కాంటూర్ల వెడల్పు ఆనిక దొరుకుతుంది. 8 × 4 అడుగుల సన్‌బోర్డు నుంచి 120 × 80 ముక్కలు మూడు వస్తాయి కాబట్టి రెండు షీట్లు చాలు. ఆరో ముక్క పునాదికి. గోడ వెంబడి లోపలి బోలులో 2 సెం.మీ. వెడల్పు పట్టీలు పేర్చి దన్ను ఇచ్చాం.

సన్‌బోర్డును లేజర్ కటింగ్‌కు ఇవ్వకండి. అది పీవీసీ. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, మనిషికీ మిషనుకూ రెండింటికీ చేటు. విరిచే బ్లేడు కత్తితో మూడు గీతల్లో కోయాలి. మొదటిది గుర్తుకు, రెండోది సగం లోతుకు, మూడోది తెగడానికి. బ్లేడు కొసను ప్రతి రెండు మీటర్ల కోతకూ విరిచి కొత్తది చేసుకోవాలి, మొద్దుబారితే నురగ చిరిగి అంచు పాడవుతుంది. ఎక్కువ వంపులున్న గోడ భాగాలను మాత్రం చెక్క పీచుతో చేసిన 3 మి.మీ. ఎండీఎఫ్‌లో లేజర్‌తో కోయించాం.

అంటించడానికి ఫెవికాల్ పనికిరాదు. రెండు పీవీసీ పలకల మధ్య నీరు బయటికి పోయే దారి ఉండదు, వారం తర్వాత తెరిచినా మధ్యలో పాలలాగే ఉంటుంది. ఫెవిబాండ్ అనే రబ్బరు జిగురును రెండు వైపులా పలచగా రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి నొక్కాలి. ఒకసారి అంటితే జరపలేం. కాబట్టి ప్రతి పొరకూ రెండు మూలల్లో గుండుసూది గుర్తులు పెట్టుకుని దించాలి.

4వ వారం: రాయిని రాయిలా చూపడం

ఈ కొండల గురించి కొంచెం చెప్పుకోవాలి. శేషాచలం, పాలకొండ, వెలికొండ, లంకమల, నల్లమల అన్నీ కడప బేసిన్ అనే ఒకే పాత గిన్నెలో పేరుకున్న పొరలు. నెలవంక ఆకారంలో ఉన్న ఈ గిన్నె సుమారు 44,500 చదరపు కి.మీ. భూవిజ్ఞాని విలియం కింగ్ 1872లో దీన్ని వివరంగా నమోదు చేశాడు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ నేరుగా కూర్చున్న చోటుంది. దాని పేరు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. కింది రాయి ఏర్పడి, పైకి తేలి, అరిగి చదునైన తర్వాత ఎంతో కాలానికి సముద్రం వచ్చి దాని మీద ఇసుక పరిచింది. ఆ రెండింటి మధ్య రికార్డు లేకుండా పోయిన కాలం సుమారు 80 కోట్ల ఏళ్ళని మామూలుగా చెప్పే లెక్క. అరచేయి పెడితే బొటనవేలు ఒక కాలంలో, చిటికెనవేలు ఇంకో కాలంలో ఉంటాయి. ఈ కొండల్లో మాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

నమూనాలో ఆ గీతను 1 మి.మీ. నల్ల దారంతో చూపించాం. గీతకు కింద గులాబీ బూడిద రంగు, పైన ఎరుపు గోధుమ రంగు. ఉత్తరాన కోడూరు లోయలో పుల్లంపేట షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి) ఆకుపచ్చ బూడిద రంగులో. మంగంపేట ముగ్గురాయి గనులు ఈ షేల్ పొరల్లోనివే కానీ చట్రానికి కాస్త బయట పడ్డాయి, అంచున బాణం గుర్తు పెట్టి వదిలేశాం.

రాతి పొడి వాడితే రంగు సహజంగా వస్తుంది. కానీ కొండ నుంచి చిన్న రాయి కూడా తేలేదు, తేకూడదు కూడా. అది రిజర్వు అడవి. గ్రానైట్ పొడి వంటగట్ల బండలు కోసేవాళ్ళ దగ్గర దొరికింది. క్వార్ట్‌జైట్‌కు అడవి బయట లీజు క్వారీ నుంచి వచ్చిన కంకర కొని దంచాం. ఇనుప రోకలితో దంచితే రోకలే అరిగి పొడి నల్లబడుతుంది, ఎందుకంటే క్వార్ట్జ్ ఉక్కును గీస్తుంది. పొడిని నీటిలో వేసి అయస్కాంతంతో ఇనుము తీసేయాల్సి వచ్చింది. దంచేటప్పుడు మూతికి గుడ్డ కాదు, ఎన్95 మాస్కు ఉండాలి. ఈ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే పోదు.

గోడ ముఖానికి వాల్ పుట్టీ 2 మి.మీ. పట్టించి, సగం ఆరినప్పుడు కత్తి కొసతో అడ్డగీతలు, నిలువు పగుళ్ళు గీశాం. ఇసుకరాయిని విరిస్తే రేణువుల చుట్టూ తిరిగి విరుగుతుంది. క్వార్ట్‌జైట్‌లో రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి కాబట్టి రేణువుల గుండానే పగులుతుంది. అందుకే ఈ కొండ పెద్ద పెద్ద దిమ్మెలుగా ఊడుతుంది, పదునైన అంచులతో. గ్రానైట్ వాలు మీద పడున్న గుండ్లలో పలకలుగా, కోణాలుగా ఉన్నవి పై గోడ నుంచి పడ్డవే. ఎండీఎఫ్ భాగాల మీద పుట్టీ పెట్టినప్పుడు ఒక పొరపాటు జరిగింది. అంచులు తడి పీల్చి ఉబ్బాయి. సాండింగ్ సీలర్ రెండు కోట్లు వేసి ఆరాకే పుట్టీ పెట్టాలి.

శిలాతోరణం ఎక్కడ అని చూసినవాళ్ళందరూ అడుగుతారు. దాని వెడల్పు 8 మీటర్లు, ఈ స్కేలులో 0.16 మి.మీ. సూదిమొన అంత కూడా రాదు. జెండా గుచ్చి సరిపెట్టాం. తలకోన జలపాతం ఎత్తు 82 మీటర్లు, నమూనాలో 5 మి.మీ. లోపే.

5వ వారం: అలల ముడతలు

"ఇది సముద్రమని ఎలా చెప్తారు? గవ్వలేవీ?" అన్నది రెండో ప్రశ్న. గవ్వలుండే జీవులు పుట్టకముందే ఈ ఇసుక రాయైపోయింది. కడప బేసిన్‌లోని సున్నపురాయి లాంటి వేంపల్లి డోలమైట్‌లో సూక్ష్మజీవులు పొరలుపొరలుగా కట్టిన స్ట్రోమటొలైట్లు ఉంటాయి, అంతే. బండ మీద ఫెర్న్ ఆకులా కనిపించే నల్ల చారలు శిలాజాలు కావు, పగుళ్ళలోకి ఇంకిన మాంగనీసు ఆక్సైడు గీతలు. నీటికి సాక్ష్యం క్వార్ట్‌జైట్ పలకల మీద నిలిచిపోయిన అలల ముడతలు. అవి ఎలా పుడతాయో ల్యాబులోనే చేసి చూపించొచ్చు.

60 × 30 × 30 సెం.మీ. చేపల తొట్టి, 3 సెం.మీ. మందాన సన్న ఇసుక. అది సుమారు 8.5 కిలోలు. ఇసుక మీద 10 సెం.మీ. నీరు, మొత్తం 20 లీటర్లు. తొట్టి కింద నాలుగు పీవీసీ గొట్టం ముక్కలు అడ్డంగా పెట్టి, ముందుకూ వెనక్కీ నెట్టాలి. ఈ పొడవుకూ లోతుకూ నీరు దానంతట అది ఊగే కాలం సుమారు 1.3 సెకన్లు. ఆ తాళం దొరికితే చిటికెన వేలితో నెట్టినా చాలు, రెండు కొనల్లో నీరు 2 సెం.మీ. ఎత్తు లేస్తూ దిగుతూ ఉంటుంది. తాళం తప్పితే ఎంత బలంగా నెట్టినా నీరు చిందడమే.

మూడుసార్లు విఫలమైంది. మొదటిసారి కాంక్రీటు ఇసుక వాడాం, ముతక కావడంతో కదల్లేదు. రెండోసారి ప్లాస్టరింగ్ ఇసుక కడగకుండా వేశాం, బురదలో ఏమీ కనిపించలేదు. ఆరు నీళ్ళు మార్చి కడగాలి. మూడోసారి ఇసుకను మరీ చదును చేశాం, పది నిమిషాలైనా ముడత పుట్టలేదు. మధ్యలో వేలితో ఒక్క గీత గీస్తే చాలు, ఆ గీత దగ్గర నీటి సుడి పుట్టి, పక్కన ఇంకో ముడత, దాని పక్కన ఇంకొకటి పుట్టుకొస్తాయి. పావుగంటలో మధ్య 30 సెం.మీ. మేర ముడతలు తేలాయి. నీరు అడుగున ఎంత దూరం అటూ ఇటూ కదులుతుందో, ముడతల మధ్య దూరం అందులో సుమారు 0.65 వంతు. మా తొట్టిలో కదలిక 7, 8 సెం.మీ., ముడతల మధ్య దూరం 5 సెం.మీ. దగ్గర తేలింది.

అలలు చేసిన ముడతకు రెండు వైపులా ఒకే వాలు ఉంటుంది. ఏటి ప్రవాహం చేసిన ముడతకు ఒక వైపు పొడవు వాలు, ఇంకో వైపు పొట్టి వాలు. బండ మీద చూడాల్సింది ఇదే.

అచ్చు తీయడానికి 4 మి.మీ. గొట్టంతో గంటసేపు నెమ్మదిగా నీరు లాగేశాం. తొందరపడితే శిఖరాలు కరిగిపోతాయి. రెండు రోజులు ఆరాక ఒక వంతు ఫెవికాల్, పది వంతుల నీరు కలిపి స్ప్రే చేసి, 30 × 30 భాగం మీద 2 సెం.మీ. మందాన ప్లాస్టర్ పోశాం. 1.2 లీటర్ల నీటిలో 1.7 కిలోల ప్లాస్టర్, గరిటె వెనక మీదుగా జారవిడుస్తూ పోయాలి. అచ్చు తిరగేసి చూస్తే శిఖరాలు గుంటలవుతాయి. అలల ముడతల శిఖరం సన్నగా, లోయ గుండ్రంగా ఉంటుంది. అచ్చులో గుంటలు సన్నగా, గట్లు గుండ్రంగా కనిపిస్తాయి. పొరలు మడతపడి తలకిందులైన నల్లమల లాంటి చోట్ల ఏ వైపు పైన ఉండేదో కనిపెట్టడానికి ఈ తేడా పనికొస్తుంది. అసలుదీ అచ్చూ పక్కపక్కన పెట్టాం. దీనికోసం కొండ మీద బండకు ప్లాస్టర్ పూయాల్సిన పని లేకపోయింది.

6వ వారం: నీళ్ళ పెట్టె

45 × 15 × 30 సెం.మీ. గాజు పెట్టెలో కింద 10 సెం.మీ. నొక్కిన బంకమన్ను, ముందుకు కొంచెం వాలుగా. పైన బండల షాపు నుంచి తెచ్చిన రాతి ముక్కలు పేర్చి, 2 మి.మీ. సందుల్లో ముతక ఇసుక నింపాం. పై నుంచి అర లీటరు నీరు చిన్న రంధ్రాల డబ్బాతో పోస్తే, అది సందుల గుండా దిగి, మన్ను తగిలినచోట ఆగి, ముందు వైపు ఊటగా వస్తుంది. పోయడం ఆపాక కూడా చాలాసేపు కారుతూనే ఉంటుంది. ఈ కొండల్లో వాన వెలిసినా తీర్థాలు కారడం ఇలాంటిదే. క్వార్ట్‌జైట్ రాయిలోకి నీరు ఇంకదు, దాని పగుళ్ళలోంచి దిగుతుంది. మధ్యలో షేల్ పొర గానీ కింద గ్రానైట్ గానీ తగిలినచోట బయటపడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వాన ఎండాకాలం దాకా కోనల్లో కాస్త తడి నిలపడం ఈ పగుళ్ళ చలవే.

మన్నును పొడిగా పెడితే అది కూడా పీల్చేసి ఊట రాదు. ముందు రోజు తడిపి నొక్కాలి.

7, 8 వారాలు: ప్రాణమున్న పొర

చెట్లూ జంతువుల బొమ్మలు అందంగా చల్లడం తేలిక. మేం రాయిని బట్టి పెట్టాలని నిర్ణయించుకున్నాం.

ఎర్రచందనం 150 నుంచి 900 మీటర్ల మధ్య రాళ్ళ వాలుల్లో, నీరు నిలవని చోట పెరుగుతుంది. దానికి ఎరుపు రంగు రంపపు పొట్టు. తడి కోనలకు ముదురు ఆకుపచ్చ. మొగి, తెల్లకరక, కొండ సాంబ్రాణి లాంటి ఈ ప్రాంతపు చెట్లకు వేరే గుర్తులు. ఎండ పడే గడ్డి వాలుల్లో పెరిత ఉంటుంది. చూడటానికి చిన్న ఈతచెట్టులా ఉంటుంది కానీ సైకస్ జాతి, ఈ కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా లేదు. పొట్టును ఫెవికాల్ నీళ్ళతో అంటిస్తే వానాకాలం ముసురుకు బూజు పట్టింది. గీకేసి, జిగురులో లీటరుకు చెంచాడు మైలుతుత్తం కలిపి మళ్ళీ వేశాం. చేతి తొడుగులు తప్పనిసరి, అది విషం. పైన వార్నిష్ కోటు వేయాలి, పిల్లల చేతులు తగులుతాయి కాబట్టి.

జంతువులకు 3 మి.మీ. ఎల్‌ఈడీలు, ఒక్కోదానికి 330 ఓమ్‌ల రెసిస్టరు, 5 వోల్టుల ఛార్జరు. మీట నొక్కితే ఒక్కో గుంపు వెలుగుతుంది: కణితి అనే పెద్ద జింక, ఎలుగుబంటి, రేచుకుక్క, దేవాంగ పిల్లి (లోరిస్), రాళ్ళ పొదల్లో తిరిగే కొండ పిగిలి పిట్ట. అంతరించిపోయిందనుకున్న కలివికోడి పక్షిని పెట్టలేదు. 1986లో అది మళ్ళీ దొరికింది కడప జిల్లా లంకమల పాదంలోని ముళ్ళపొదల్లో, మన చట్రానికి ఉత్తరాన. ఉన్నచోట చూపకపోతే చూపకపోవడమే మేలు.

బంగారు బల్లికి మాత్రం విడిగా అసలు సైజు పలక చేశాం, 60 × 45 సెం.మీ., ముందుకు వాలిన రాతి కప్పు. దీన్ని ప్రకృతి పరిశోధకుడు బెడ్డోమ్ 1870లో వర్ణించాడు. క్వార్ట్‌జైట్ దిమ్మెల మధ్య నీడగా ఉండే పగుళ్ళలో, నీటి దాపున ఉంటుంది. గుడ్లను రాతి కప్పుకు అతికిస్తుంది. ఎన్నో ఆడ బల్లులు ఒకే చోట పెడతాయి, ఏటేటా అక్కడికే వస్తాయి, పాత పెంకులు అలాగే అంటుకుని ఉంటాయి. కప్పు రాలని గట్టి రాయి, వాన తగలని లోపలి ముఖం ఉంటేనే ఇది సాధ్యం. మొదట బల్లులన్నిటికీ పసుపు వేశాం, తప్పు. మెరిసే బంగారు రంగు జతకట్టే కాలపు మగవాటిది. ఆడవీ పిల్లలూ రాయి రంగులోనే ఉంటాయి. పదింటిలో రెండింటికే పసుపు ఉంచి మిగతావి తిరిగి రంగు వేశాం.

ఏ దీపమూ అసలు చోటును చూపదు. ఎర్రచందనం తోపులూ బల్లి గుడ్ల కప్పులూ ఎక్కడున్నాయో బల్ల మీద గుచ్చి చెబితే దొంగలకు దారి చూపినట్టే. ప్రతి గుర్తునూ 4 సెం.మీ. వెడల్పు మరకగా పరిచాం, నేల మీద అది 2 కి.మీ.

ప్రస్తుతం

ఉత్తరపు అంచున కోత ముఖం, అంటే కొండను నిలువుగా కోసినట్టు లోపలి పొరలు చూపే పక్క గోడ, ఇంకా కాలేదు. అక్కడ పొరల వాలును పటంలోని డిగ్రీలతోనే గీసేశాం, ఎత్తు మూడు రెట్లయిందన్న సంగతి మరిచి. 5 డిగ్రీల వాలు ఇక్కడ దాదాపు 15గా, 10 డిగ్రీలది 28గా గీయాలి. లేకపోతే పైన కాంటూర్ల కొండ ఒక లెక్కలో, పక్క గోడ ఇంకో లెక్కలో ఉంటాయి, పొరలు నేలకు తగలాల్సినచోట తగలవు. పుట్టీ గీకేశాం. కొత్త గీతలకు రేకు మూస కోయించాం. ఆరడానికి రెండు రోజులు, రంగుకు ఒక రోజు పడుతుంది.